అయోర్టా ఆపరేషన్‌లో వెన్నులో ట్యూబు ఎందుకు పెడతారు?

వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు పడిపోకుండా కాపాడటానికే ఆ ట్యూబు పెడతారు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం అయోర్టా. ఛాతీలో, పొట్టలో దాని నుంచి చీలే చిన్న కొమ్మలే వెన్నుపామును చాలావరకు పోషిస్తాయి. ఉబ్బిన భాగాన్ని మార్చడానికి అయోర్టాకు క్లాంపు వేసి రక్తప్రవాహాన్ని ఆపితే, ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేసినప్పుడు చివరి పొలాలకు నీరందనట్టే, వెన్నుపాముకూ రక్తం తగ్గుతుంది. పైగా దాని చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరిగితే వచ్చే కాస్త రక్తం కూడా లోపలికి వెళ్లదు. అందుకే నడుము దగ్గర సన్నని ట్యూబుతో ఆ ద్రవాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, బీపీని కాస్త ఎక్కువగానే ఉంచుతారు.

ఉదాహరణకు సగటు బీపీ 80, ద్రవం ఒత్తిడి 15 ఉంటే రక్తాన్ని లోపలికి నెట్టే ఒత్తిడి 65. ద్రవం ఒత్తిడిని 10కి దించి, బీపీని 90కి పెంచితే ఆ నెట్టే ఒత్తిడి 80 అవుతుంది. అయితే ద్రవాన్ని హడావుడిగా తీయకూడదు, తలలో రక్తస్రావం కావచ్చు.

"వెన్నులో సూది గుచ్చారు, అందుకే కాళ్లు పడిపోయాయి" అని విజయవాడ, గుంటూరు వైపు చాలామంది భయపడతారు. ట్యూబు వల్ల అలా జరగడం అరుదు. ఎక్కువగా కారణం రక్తం అందకపోవడమే. బాగా కదిలిన కాళ్లు కూడా ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు, బీపీ పడిపోతే, బలహీనపడొచ్చు. కాలు మొద్దుబారిందంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే నర్సుకు చెప్పాలి. అప్పుడు బీపీ పెంచి, ద్రవం తీస్తే చాలాసార్లు కదలిక తిరిగి వస్తుంది.