గో ఆటలో కంప్యూటర్లు అంతకాలం ఎందుకు ఓడిపోయాయి?

ప్రశ్న: పులి-మేక, దాడి ఆడుతూ పెరిగినవాళ్లం. గో నియమాలు చదివితే వాటికంటే కష్టంగా ఏమీ కనిపించలేదు. చదరంగంలో 1997లోనే కాస్పరోవ్‌ను ఓడించిన కంప్యూటర్లు, గోలో లీ సెడోల్ వంటి మేటి ఆటగాడిని గెలవడానికి 2016 దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది?
– ఒక గణితోపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: గోలో ఇద్దరు నల్ల, తెల్ల రాళ్లను గీతల కూడళ్లపై వంతులవారీగా పెడుతూ పలకపై ఎక్కువ చోటును వశం చేసుకోవడానికి పోటీపడతారు. పలకపై 361 కూడళ్లు ఉంటాయి కాబట్టి సాధ్యమైన ఎత్తులు లెక్కకు అందవన్నది అందరూ చెప్పే సమాధానం. చదరంగంలో ఒక్కో స్థితిలో సగటున 35 ఎత్తులుంటే గోలో సుమారు 250 ఉంటాయి కనుక అందులో నిజం లేకపోలేదు. అయితే అసలు చిక్కు వేరే ఉందని నా అభిప్రాయం. చదరంగాన్ని మధ్యలో ఆపి ఎవరికెన్ని బంట్లు, ఏనుగులు మిగిలాయో చూస్తే ఎవరిది పైచేయో స్థూలంగా తెలుస్తుంది. గోలో రాళ్లన్నీ సమానమే. పులి-మేకలో పులిని కట్టేసినట్లే ఇక్కడా చుట్టుముట్టిన రాళ్లు పట్టుబడతాయి గానీ, పలకపై ఉన్న ఒక గుంపు బతుకుతుందా, అప్పటికే చచ్చినట్లేనా అన్నది ఎన్నో ఎత్తుల తర్వాత గానీ తేలదు.

పూర్తి ఆట ఆడగలిగిన మొదటి ప్రోగ్రామును 1960ల చివర అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ రాశారు. నల్లరాయికి 50, తెల్లరాయికి మైనస్ 50 విలువనిచ్చి, ఆ ప్రభావం పక్క కూడళ్లకు విడతలవారీగా పాకేటట్లు చేసి, ఏ ప్రాంతం ఎవరి వశంలో ఉందో ఆయన అంచనా కట్టించారు. ఉపాయం చక్కనిదే. కానీ చచ్చిన రాయి కూడా బతికిన రాయిలాగే ప్రభావం చూపుతుంది. అది చచ్చిందని తెలియాలంటే మళ్లీ ఎత్తులు ముందుకు వేసి చూడాలి. ఆ ప్రోగ్రాము కొత్తగా నేర్చుకున్నవారిని తప్ప ఓడించలేకపోయింది.

ప్రశ్న: గో ప్రోగ్రాములకు పెద్ద బహుమతి పెట్టినా ఎవరూ గెలవలేదని విన్నాను. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: నిజమే. తైవాన్ పారిశ్రామికవేత్త ఇంగ్ చాంగ్-కీ 1980ల నడుమ నుంచి ప్రోగ్రాముల మధ్య పోటీలు జరిపించి, యువ వృత్తి ఆటగాణ్ణి సమాన ఆటలో (ముందుగా అదనపు రాళ్లేవీ పెట్టుకోకుండా) ఓడించే ప్రోగ్రాముకు 4 కోట్ల తైవాన్ డాలర్లు ప్రకటించారు. 2000లో గడువు ముగిసేనాటికి ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు. ఆ పోటీల్లో 1995 నుంచి మూడేళ్లు వరుసగా నెగ్గిన హ్యాండ్‌టాక్‌ను రాసినది గ్వాంగ్జౌకు చెందిన విశ్రాంత రసాయనశాస్త్ర ఆచార్యుడు చెన్ ఝిషింగ్. తమలో తాము గెలిచిన ఈ ప్రోగ్రాములు మనుషుల ముందు మాత్రం తేలిపోయేవి. 1998లో మార్టిన్ ముల్లర్, పేరున్న మెనీ ఫేసెస్ ఆఫ్ గో ప్రోగ్రామును ముందుగానే 29 రాళ్లు పెట్టుకోనిచ్చి మరీ ఓడించారు. ముల్లర్ కూడా గో ప్రోగ్రాములు రాసేవారే కాబట్టి యంత్రం ఎక్కడ తడబడుతుందో ఆయనకు బాగా తెలుసు.

దారి మార్చినది కొత్త ఆలోచనే గాని కేవలం వేగం కాదు. ఆట మధ్యలో అంచనా కట్టడం కష్టమైనా, ముగిశాక లెక్కపెట్టడం తేలిక. అందువల్ల ప్రతి ఎత్తు తర్వాతా యాదృచ్ఛికంగా వేల ఆటలు చివరిదాకా ఆడించి, ఎక్కువ గెలుపులు తెచ్చిన ఎత్తును ఎంచుకోవచ్చు. 1993లో బెర్న్‌డ్ బ్రూగ్‌మన్ ఇది ప్రయత్నించినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2006లో రెమీ కూలోమ్ రాసిన క్రేజీ స్టోన్ దీనికి ఎత్తుల వృక్షాన్ని, అంటే ఏ ఎత్తు తర్వాత ఏవి రావచ్చో కొమ్మలుగా చూపే అమరికను, జోడించాక పాత పద్ధతి ప్రోగ్రాములు వెనకబడ్డాయి. 2016లో లీ సెడోల్‌ను ఓడించిన ప్రోగ్రాము ఆల్ఫాగో ఆ వృక్షానికే న్యూరల్ నెట్‌వర్క్‌లను, అంటే ఉదాహరణల నుంచి తామే నేర్చుకునే లెక్కల వలలను, చేర్చింది.

ప్రశ్న: మా బడిలోని పాత కంప్యూటర్లలో పిల్లలకు ఈ ఆట నేర్పవచ్చా?
– ఉపాధ్యాయిని, కల్వకుర్తి

జవాబు: నేర్పవచ్చు. గ్నూ గో అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, నెట్ అవసరం లేదు. తొమ్మిది గీతల చిన్న పలకతో మొదలుపెట్టండి. అది ప్రధానంగా పాతతరం పద్ధతిలో రాసినదే గనుక, ఆట కొంత పట్టుబడ్డాక అది ఎక్కడ పొరబడుతుందో పిల్లలే కనిపెట్టగలరు.