ఐపీ పెట్టినవాడు పెళ్లికి వెళ్లకూడదా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 44 ఏళ్లు. పట్నం బజారులో బట్టల షాపు ఉండేది. కోవిడ్ తర్వాత బేరాలు పడిపోయాయి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తిప్పుతూ, చివరికి 46 లక్షల దగ్గర చేతులెత్తేశాను. రెండేళ్ల కిందట ఐపీ పెడితే కోర్టు దివాలాదారుగా ప్రకటించింది. ఇప్పుడు విజయవాడ వస్త్రలతలో గుమాస్తాగా 24 వేలు వస్తున్నాయి, మా ఆవిడ బ్లౌజులు కుట్టి 8 వేలు తెస్తోంది. అమ్మాయి ఇంటర్ సెకండియర్. నా చీటీకి షూరిటీ సంతకం పెట్టిన బావమరిది తన జీతంలోంచి నెలనెలా కట్టుకుంటున్నాడు. వచ్చే నెల పెదనాన్న గారి మనవడి పెళ్లి, వెళ్లడానికి ముఖం చెల్లడం లేదు. ఒక స్నేహితుడు 5 లక్షలు ఇస్తాను, మీ ఆవిడ పేరున షాపు తెరువు అంటున్నాడు. తెరవనా? లేక హైదరాబాద్ వెళ్లిపోనా?

జవాబు: షాపు ఇప్పుడే వద్దండీ. మీకు వ్యాపారం చేతకాదని కాదు, చట్టం ఒప్పుకోదు కాబట్టి.

మీ ఉత్తరంలో డిశ్చార్జి, అంటే దివాలాదారును అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఇచ్చే ఆర్డరు, అనే మాట ఎక్కడా లేదు. నాకు భయం వేసింది అక్కడే. ఐపీ ఇచ్చేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కానీ, మీలాంటి సొంత వ్యాపారులకు సంబంధించిన భాగం అమల్లోకి రాలేదు. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. మీకు వర్తించేది ఇప్పటికీ 1920 నాటి చట్టమే. దాని ప్రకారం మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించిన ఆర్డరులోనే, ఎప్పటిలోగా డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకోవాలో కోర్టు గడువు ఇస్తుంది. ఆ గడువులో పెట్టుకోకపోతే ప్రకటన రద్దయిపోవచ్చు. అప్పుడు ఇన్నాళ్లూ ఆగిన అప్పులవాళ్లంతా ఎవరికివారు మళ్లీ మీ మీద పడతారు. రేపే లాయరుగారి దగ్గరకు వెళ్లి ఆ ఆర్డరు కాపీ అడగండి. గడువు దాటబోతుంటే పొడిగించమని కోర్టును కోరవచ్చు. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయండి.

డిశ్చార్జి వచ్చేలోగా మీరు సంపాదించే ఆస్తి, దివాలాదారు ఆస్తులు చూసుకోవడానికి కోర్టు పెట్టిన రిసీవరు అధీనంలోకి పోతుంది. ఇంకోటి, దివాలాదారునని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆ పైన అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. 1920లో రాసిన 50 రూపాయలు నేటికీ అలాగే ఉంది! మీ స్నేహితుడికి విషయం తెలుసు కాబట్టి ఆయనతో ఆ చిక్కు లేదు. కానీ షాపు తెరిస్తే సరుకు అరువు తేవాలి, మరి ఆ హోల్‌సేలర్లకు? పేరు మీ ఆవిడదైనా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మీరేనని పట్నం బజారులో తెలియనిదెవరికి? ఎవడో ఒకడు ఇది బినామీ అని పిటిషన్ వేస్తే కోర్టు మెట్లెక్కి లెక్కలు చెప్పుకోవాల్సింది ఆవిడే. అన్నట్టు, ఎవరికైనా చెక్కులు ఇచ్చి ఉంటే చెక్ బౌన్స్ కేసును ఐపీ ఆపదు. అలాంటివి ఉంటే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించండి.

ఇక పరువు సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీకి ఇచ్చినవాడు రిస్కు తెలిసే ఇచ్చాడు. ఏళ్ల తరబడి వడ్డీ కట్టి ఉంటారు కాబట్టి చాలావరకు రాబట్టుకునే ఉంటాడు. ఆయన బజారులో ఏదో అన్నాడని మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బావమరిది సంగతి అలా కాదు. రేపు మీకు డిశ్చార్జి వచ్చినా షూరిటీ ఉన్నవాడికి విడుదల లేదు, చట్టంలోనే అలా ఉంది. మీరు కోర్టు ద్వారా ఒడ్డున పడతారు, ఆయన మాత్రం కడుతూనే ఉండాలి. మీ ఆవిడ పుట్టింటికి వెళ్లి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు, నేనూ అడగను. ఇంట్లో ఖర్చులు ఎంతో కూడా రాయలేదు. అద్దె, వెచ్చాలు, కాలేజీ ఫీజు, ట్రైన్ పాసు పోను నెలకు 4 వేలు మిగులుతుందనుకుందాం. లాయరుగారితో ఒక మాట చెప్పి, అందులో 2,500 జీతం పడిన రోజే ఆయనకు పంపండి. 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొని, ఆయన ఇప్పటిదాకా కట్టినదంతా మొదటి పేజీలో ఆయన చేతే రాయించండి. ఆ కింద నెలనెలా తేదీ, మీరు ఇచ్చింది, మిగిలిన బాకీ, పక్కన ఆయన సంతకం. 2,500తో ఎన్నేళ్లకు తీరుతుందని ఆయన నవ్వినా సరే, ఆపకండి. బంధువులకు ఈ విషయం మీరు చెప్పుకోనక్కర్లేదు, ఆయనే చెబుతాడు.

డిశ్చార్జి వచ్చాక చిన్నవాళ్ల వంతు. షాపులో పనిచేసిన కుర్రాళ్ల జీతం బాకీ, చేబదులిచ్చిన పక్క షాపాయన, పాలవాడు. అప్పటికి వాళ్లకు ఇచ్చితీరాలన్న చట్టం ఉండదు, ఇవ్వకూడదన్న చట్టమూ ఉండదు. వెయ్యో రెండు వేలో చొప్పున ఇచ్చి రసీదు తీసుకోండి, తీరిపోయాక పాత నోటు వెనక్కి పుచ్చుకోండి. మొహమాటానికి పోయి కొత్త నోటు మాత్రం రాయొద్దు.

మిగతా 1,500 మీ ఆవిడ కుట్టు డబ్బుల్లోంచి ఆమె పేరునే పోస్టాఫీసు ఆర్డీలో వేయించండి. మీ ఇద్దరికీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలు తీసుకోండి. ఏడాదికి ఒక్కొక్కరికి 436, 20 రూపాయలు. మీ సిబిల్ పాడైందని ఆవిడ సిబిల్ పాడవదు, ఆమె ఉమ్మడి సంతకం పెట్టిన లోను ఏదైనా ఉంటే తప్ప. అమ్మాయి చదువుకు ఎడ్యుకేషన్ లోను పెట్టేటప్పుడు తల్లిని సహ దరఖాస్తుదారుగా పెట్టండి. ఏడాదికోసారి సిబిల్ రిపోర్టు ఉచితంగా వస్తుంది, ఇద్దరిదీ ఇప్పుడే తీసి చూసుకోండి.

పెళ్లికి వెళ్లండి. రాజ్యాంగంలోని 191వ అధికరణం డిశ్చార్జి కాని దివాలాదారు ఎమ్మెల్యే కాకూడదని మాత్రమే అంటుంది. డిశ్చార్జి అయ్యాక ఆ పదవికీ అడ్డులేదు. ఇక పెదనాన్న గారింట్లో విస్తరి ముందు కూర్చోడానికి ఏం అడ్డు? 516 చదివించి రండి. అప్పు చేసి పట్టుచీర కొనడాలు, బంగారం అద్దెకు తెచ్చుకోవడాలు వద్దు. ఏం చేస్తున్నావని అడిగితే వస్త్రలతలో గుమాస్తానని చెప్పండి. ఒకరిద్దరు వెటకారంగా అంటారు, అననివ్వండి. భోజనాల దగ్గర బావమరిది పక్కన కూర్చోండి.

హైదరాబాద్ మాత్రం ఇప్పుడు వద్దు. కేసు తేలకముందే ఊరు మారితే కోర్టు నోటీసులు తిరిగిపోతాయి, ఎగ్గొట్టి పారిపోయాడన్న మాట మిగులుతుంది. డిశ్చార్జి చేతికి వచ్చాక అక్కడ 35 వేల ఉద్యోగం దొరికితే నిక్షేపంగా వెళ్లండి. అప్పటిదాకా ఇల్లు మారినా కొత్త అడ్రసు లాయరుకూ రిసీవరుకూ రాసివ్వండి, ఫోన్ నంబరు మార్చకండి.