సిస్టిక్ ఫైబ్రోసిస్‌ ఉందో లేదో యాంటీబాడీ రక్తపరీక్షతో తేలుతుందా?

మీ పద్నాలుగు నెలల పాపకి దగ్గు వదలడం లేదు, ఎంత తిన్నా బరువు పెరగడం లేదు, డాక్టరుగారు సిస్టిక్ ఫైబ్రోసిస్ (జిగట పేరుకుపోయి ఊపిరితిత్తులు, క్లోమం దెబ్బతినే పుట్టు జబ్బు) అనుమానంతో చెమట పరీక్ష (చెమటలో ఉప్పు ఎంతుందో చూసేది) రాశారు అన్నారు. పసిపిల్ల చేతికి కరెంటు పెట్టడం ఎందుకు, యాంటీబాడీ రక్తపరీక్ష చేయిస్తే సరిపోదా అని మీ అత్తగారింట్లో అంటున్నారట. సరిపోదండి. మా బాబుకి ఇదే జబ్బు, హైదరాబాద్‌లోనే చూపిస్తున్నాం. నేను డాక్టర్ని కాదు గానీ, ఈ పరీక్షలన్నీ దగ్గరుండి చేయించాను.

డెంగీ లాంటి వాటికి యాంటీబాడీ పరీక్ష పనికొస్తుంది, ఎందుకంటే బయటి నుంచి క్రిమి వస్తే ఒళ్లు దాని మీద యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం. ఆ జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉందని 1989లో కనిపెట్టారు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడిపోతేనే జబ్బు. దీని మీద ఒంట్లో యాంటీబాడీలు పుట్టవు, ఇక వెతకడానికేముంటుంది?

మీవాళ్లు నెట్‌లో చూసింది బహుశా ఐఆర్‌టీ పరీక్ష గురించి అయ్యుంటుంది. చాలా దేశాల్లో పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేస్తారు. అందులో యాంటీబాడీల పని ఉంది, కానీ అవి కిట్‌లోవి, బిడ్డవి కావు. రక్తంలో ట్రిప్సినోజెన్ అనే పదార్థాన్ని పట్టుకుని ఎంత ఉందో లెక్కేస్తాయి. క్లోమం నాళాలు జిగటతో పూడుకుపోతే ఆ పదార్థం రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, కాన్పు కష్టమైన పిల్లల్లో జబ్బు లేకపోయినా అది ఎక్కువగా కనిపించొచ్చు. పైగా వయసు పెరిగేకొద్దీ జబ్బున్న పిల్లల్లోనూ తగ్గిపోతుంది. మీ పాప వయసులో ఆ పరీక్ష చేయిస్తే డబ్బులు దండగ. అది జల్లెడ పట్టడానికే. అందులో ఎక్కువ వచ్చినా మళ్లీ చెమట పరీక్షకే పంపిస్తారు.

మా బాబు ఫైల్లో యాంటీబాడీ రిపోర్టులు లేకపోలేదు. గోధుమ పడకపోవడం వల్ల బరువు పెరగడం లేదేమోనని టీటీజీ చేశారు. తర్వాత ఊపిరితిత్తుల్లో బూజుకి అలర్జీ ఉందేమోనని ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ చూశారు. అవి వేరే అనుమానాలకు. అన్నట్టు, మావాడికి మొదట్లో టీబీ అన్నారు. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి జరిగేదే. టీబీకి యాంటీబాడీ రక్తపరీక్షలు తప్పు ఫలితాలిస్తున్నాయని మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. రక్తం తీశారు కదా అని ప్రతి రిపోర్టూ నమ్మేయకండి.

ఇక మీ టెన్షన్ సంగతి. ముంజేతి మీద పైలోకార్పిన్ మందున్న రెండు బిళ్లలు పెట్టి ఐదు నిమిషాలు చాలా తక్కువ కరెంటు ఇస్తారు. షాక్ కొట్టదు, చిమచిమలాడుతుంది. మావాడు ఏడ్చింది కరెంటుకి కాదు, చెయ్యి కదలకుండా పట్టుకున్నందుకు. తర్వాత అక్కడ వాచీలాంటి ప్లాస్టిక్ బిళ్ల కడతారు. అరగంట సేపు సన్న గొట్టంలోకి చెమట నీలం రంగులో పాకుతూ కనిపిస్తుంది (రంగు వాళ్లు పెట్టిందే). చర్మం మీద ఎర్ర మచ్చ కొన్ని గంటలుంటుంది. ముందు రోజు నుంచి చేతులకు నూనె, క్రీములు రాయకండి, పాలు, నీళ్లు బాగా పట్టించండి. విరేచనాలో జ్వరమో ఉంటే వాయిదా వేయించండి. చెమట చాలకపోతే మళ్లీ రమ్మంటారు, దానికి కంగారు పడొద్దు.

రిపోర్టులో క్లోరైడ్ (చెమట ఉప్పులో ఉండేది) అంకె చూడండి. లీటరుకి 60 మిల్లీమోల్స్, ఆపైన అయితే జబ్బు ఉన్నట్టే లెక్క, ఖాయం చేసుకోవడానికి మళ్లీ చేస్తారు. 30 లోపు అయితే అవకాశం చాలా తక్కువ. మధ్యలో ఉంటే జన్యు పరీక్ష మీద ఆధారపడాలి. కొన్నిచోట్ల కండక్టివిటీ (చెమటలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో) మాత్రమే కొలిచి ఇస్తారు. క్లోరైడ్ విడిగా కొలుస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

జన్యు పరీక్షలో కొన్ని మార్పులు మాత్రమే చూసే ప్యానెల్ కాకుండా జన్యువు మొత్తం చదివేది అడగండి. యూరప్‌వాళ్లలో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే జన్యు మార్పు మనవాళ్లలో అంతగా ఉండదు, చిన్న ప్యానెల్‌కి దొరక్కపోవచ్చు. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం ఉంది, జన్యు పరీక్షల కోసం అక్కడికి పంపుతారేమో మీ డాక్టరుగారిని అడగండి. మీది మేనరికమైతే ఆ మాట కూడా చెప్పండి, మొహమాటం వద్దు. ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నవాళ్లైతే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

రిపోర్టు వచ్చేలోపు ఒకటి గమనించండి. పాప నుదురు ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలినా, మలం జిడ్డుగా వస్తున్నా డాక్టరుగారికి చెప్పండి. మన ఎండలకి ఈ పిల్లలు చెమటలో ఉప్పు బాగా పోగొట్టుకుని ఉన్నట్టుండి నీరసపడిపోతారు. వాంతులు, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఈ జబ్బు అనుమానం ఉందని మొదటి మాటగా చెప్పండి.