ఆరు నెలలు దాటితే ఇక ఇంతేనా?

‘తలకు బలమైన దెబ్బ తగిలితే ఆరు నెలల్లో ఎంత కోలుకుంటే అంతేనట, నిజమేనా?’ అని అడిగారు. కానే కాదు. మా అన్నయ్యను దగ్గరుండి చూసి చెబుతున్నాను.

ఆరో నెల చెకప్‌లో డాక్టర్‌గారు పేరు, తారీఖు, ఎక్కడున్నారు అని అడిగితే అన్నయ్య టకటకా చెప్పేశాడు. ‘బాగా కోలుకున్నారు’ అని ఫైల్లో రాసి పంపేశారు. బయట కౌంటర్‌లో ఒక ఫారం ఇచ్చారు. పేరు రాశాడు. ఇంతలో మైకులో ఎవరినో పిలిచారు. పెన్ను ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుని, అడ్రస్ రాయాల్సిన చోట కూడా పేరే రాశాడు. ‘ఏమైందండీ?’ అని వదిన అడగడమే ఆలస్యం, కాగితం చిరిగేలా పెన్ను నొక్కేసి, రెండు చెవులూ మూసుకుని కూర్చుండిపోయాడు. ఇదంతా ఆ ఫైల్లో ఎక్కడుంది?

నా కోపమంతా ఈ కొలతల మీదే. తలకు దెబ్బ తగిలినవాళ్లు ఎంత కోలుకున్నారో కొలవడానికి 1975లో వచ్చిన గ్లాస్గో అవుట్‌కమ్ స్కేల్‌లో మెట్లు ఐదే. పై రెండు మెట్లు ఓ మోస్తరు వైకల్యం, మంచి కోలుకోవడం. చాలా పరిశోధనల్లో ఈ రెండింటినీ కలిపి ‘అనుకూల ఫలితం’ అనేస్తారు. అదీ ఎక్కువగా ఆరో నెలలోనే చూస్తారు. ఆరు నెలల గడువు జనం నోళ్లలో పడింది అక్కడి నుంచేనని నా గట్టి నమ్మకం.

అమెరికాలో ట్రాక్-టీబీఐ అనే అధ్యయనం చేసిన పరిశోధకులు తలకు దెబ్బ తగిలినవాళ్లను ఏడాది పాటు చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో రెండు వారాలకు అనుకూల స్థితిలో (వాళ్ల లెక్కలో తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లలో కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లూ ఇందులోకే వస్తారు) ఉన్నది నూటికి 12 మంది. ఏడాదికి 52 మంది!

ఇక బంధువుల సలహాలు. ‘మెదడు వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎందుకివ్వలేదు?’ అని ఐసీయూ బయట మా ప్రాణాలు తీశారు. తలకు దెబ్బ తగిలిన పదివేల మందితో చేసిన క్రాష్ అనే ట్రయల్ 2004లోనే తేల్చింది: రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 21 శాతం, ఇవ్వనివాళ్లలో 18 శాతం. దాన్నే ఇమ్మని డాక్టర్ల మీద ఒత్తిడి తేకండి, దయచేసి.

అన్నయ్యలో అసలు మార్పు రెండో ఏడాదిలోనే కనిపించింది. ఇప్పుడు ఇద్దరు ఒకేసారి మాట్లాడినా తట్టుకోగలుగుతున్నాడు. మీరు ఈసారి చెకప్‌కి వెళ్లేటప్పుడు కోపం, మరుపు, అలసట, ఇంట్లో మీ కంటబడినవన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. న్యూరోసైకాలజీ పరీక్ష (జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన ఎలా ఉన్నాయో చూసేది), ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా ఇచ్చే శిక్షణ) కావాలని మీరే అడగండి.