సార్కాయిడోసిస్: టీబీ అనుకోకముందు, కాదనుకోకముందు
(పాఠకుల ప్రశ్నలు – నిపుణుల సమాధానాలు)

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. కొన్నాళ్లుగా పొడిదగ్గు, ఆయాసం. ఎక్స్‌రేలో ఛాతీలో రెండువైపులా లింఫ్ గ్రంథులు వాచాయన్నారు. టీబీ అని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలైనా తేడా లేదు. గ్రంథి నుంచి ముక్క తీస్తే 'గ్రాన్యులోమా' అని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు మరో డాక్టరు గారు సార్కాయిడోసిస్ అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రిపోర్టులో 'గ్రాన్యులోమా' అని ఉన్నంత మాత్రాన ఏ జబ్బూ తేలదు. రోగనిరోధక కణాలు ఒకచోట గుమిగూడి చిన్న ముద్దగా మారితే దాన్ని గ్రాన్యులోమా అంటారు. టీబీలోనూ ఇది ఉంటుంది. సార్కాయిడోసిస్‌లో (ఒంట్లో పలుచోట్ల ఇలాంటి ముద్దలు ఏర్పడే జబ్బు, అంటువ్యాధి కాదు), కుష్ఠులో, కొన్ని ఫంగస్ ఇన్ఫెక్షన్లలో కూడా ఉంటుంది. చూడాల్సింది ముద్ద మధ్యభాగాన్ని. టీబీలో అది తరచూ చచ్చిపోయి జున్నులా మెత్తబడుతుంది. సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా జరగదు. అయితే టీబీ ముద్దలన్నీ మెత్తబడవు కాబట్టి దీనితోనే తీర్పు చెప్పేయకూడదు.

ముందుగా ఒక్క విషయం కనుక్కోండి: తీసిన ముక్క మొత్తం ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) సీసాలోకే వెళ్లిందా? ఫార్మలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) సాధ్యం కాదు. కొంత భాగాన్ని విడిగా సెలైన్‌లో పెట్టి, టీబీ కల్చర్‌కూ, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షకూ పంపాలి. మన దగ్గర ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. అలా పంపకపోయి ఉంటే, ఎండోస్కోప్ అల్ట్రాసౌండ్ సాయంతో సూదితో మళ్లీ నమూనా తీయించుకోవడం శ్రమే అయినా అవసరం. కల్చర్ ఫలితానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.

సార్కాయిడోసిస్ వైపు మొగ్గు చూపే ఆధారాలు ఇవి: గ్రంథులు రెండువైపులా ఒకేలా వాచడం, స్కాన్‌లో వాటి మధ్యభాగం కుళ్లినట్టు లేకపోవడం, మాంటూ పరీక్షలో (టీబీ కోసం చేతి చర్మంలోకి సూది వేసి చూసేది) చర్మం ఏమాత్రం ఉబ్బకపోవడం. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి మాంటూ ఎంతోకొంత ఉబ్బుతుంది. అసలు ఉబ్బలేదంటే దాన్ని పట్టించుకోవాలి. ఏసీఈ అనే రక్తపరీక్ష మీద మాత్రం ఎక్కువ ఆధారపడొద్దు. సార్కాయిడోసిస్ ఉన్నా అది మామూలుగా రావచ్చు, వేరే జబ్బుల్లోనూ పెరగవచ్చు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులు వాడేవారిలో తగ్గిపోతుంది.

పొరపాటు ఎటు జరిగినా నష్టమే. టీబీ ఉండగా స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే టీబీ ఒళ్లంతా పాకవచ్చు. సార్కాయిడోసిస్‌కు టీబీ మందులు వాడితే కాలేయానికి, కంటి నరానికి అనవసరమైన ముప్పు, పైగా కాలం వృథా. ఇంకో చిక్కు: సార్కాయిడోసిస్ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. అప్పుడు 'టీబీ మందులు పనిచేశాయి' అనుకుంటారు, అసలు జబ్బు పేరు ఎప్పటికీ బయటపడదు. అమ్మ మందులు మీరుగా ఆపకండి. ముక్క రిపోర్టు, స్కాన్ ఫిల్ములు తీసుకుని ఊపిరితిత్తుల నిపుణులను కలవండి.

ప్రశ్న: మా నాన్నగారికి ముక్కు కొసన, చెంపల మీద ఊదారంగులో గట్టి ఉబ్బులు వచ్చాయి. నొప్పి, దురద లేవు. ఎన్నో ఏళ్లనాటి మోకాలి దెబ్బ మచ్చ కూడా ఉన్నట్టుండి ఉబ్బింది. ఊళ్లో కుష్ఠు అంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే కాస్త తగ్గి మళ్లీ వచ్చింది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆ క్రీము ఈరోజే ఆపండి. షాపుల్లో చేతికిచ్చే ఇలాంటి క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ముఖచర్మాన్ని పలచబరుస్తుంది, ముక్క పరీక్షలో జబ్బు సరిగా కనబడకుండా చేస్తుంది.

పాత మచ్చ ఉబ్బడం మంచి ఆధారం. సార్కాయిడోసిస్ పాత గాయాల మచ్చల్లో, ఆపరేషన్ గీతల్లో, పచ్చబొట్ల మీద ఏళ్ల తర్వాత కూడా తలెత్తుతుంది. కుష్ఠు కాదని తేల్చడానికి చర్మ వైద్యులు మచ్చ మీద దూదితో తాకి స్పర్శ చూస్తారు, మోచేతి వెనక నరం లావెక్కిందేమో తడిమి చూస్తారు. సార్కాయిడోసిస్ మచ్చల్లో స్పర్శ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కానీ ముఖం మీది మచ్చల్లో కుష్ఠు ఉన్నా స్పర్శ పోకపోవచ్చు. అందుకే ముక్క పరీక్ష తప్పదు. 4 మిల్లీమీటర్ల పంచ్‌తో మత్తుసూది వేసి చేసే పని, ఒకట్రెండు కుట్లతో అయిపోతుంది. ఇక్కడా అదే జాగ్రత్త: ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఇంకోటి సెలైన్‌లో. చర్మంలో గ్రాన్యులోమా దొరికితే చాలాసార్లు ఊపిరితిత్తుల దాకా గొట్టం వేయాల్సిన అవసరం తప్పుతుంది.

ముక్కు, చెంపలు, చెవుల మీద వచ్చే ఈ ఊదారంగు ఉబ్బును 'లూపస్ పెర్నియో' అంటారు. 1889లో ఫ్రాన్స్‌లో బెనియే అనే వైద్యుడు దీన్ని వర్ణించారు. సార్కాయిడోసిస్ చర్మరూపాల్లో మొండిది ఇదే. వదిలేస్తే మచ్చలు మిగిలి, ముఖం రూపు చెడుతుంది. ముక్కు లోపలికీ, స్వరపేటికకూ పాకవచ్చు. ముక్కు దిబ్బడ, లోపల చెక్కులు కట్టడం, గొంతు బొంగురు ఉంటే ఈఎన్‌టీ వైద్యులకు చూపించండి. వేళ్లు వాచి ఉంటే చేతుల ఎక్స్‌రే కూడా కావాలి, ఎందుకంటే ఎముకల్లో గుల్లలు ఏర్పడతాయి.

ఒకటి రెండు మచ్చలే అయితే క్లోబెటసాల్ లాంటి ఘాటైన క్రీము వైద్యుల పర్యవేక్షణలో కొద్దివారాలు, లేదా మచ్చలోకే ట్రయామ్‌సినలోన్ సూది నాలుగైదు వారాలకోసారి. ఎక్కువగా ఉంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ (రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకుండా, కళ్ల పరీక్షతో) లేదా మెథోట్రెక్సేట్. లూపస్ పెర్నియో వీటికి లొంగకపోతే రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ సూదులు ఉన్నాయి. వాటికి ముందు దాగి ఉన్న టీబీ కోసం పరీక్ష తప్పనిసరి.

జబ్బు చర్మం మీదే కనిపించినా లోపలా వెతకాలి: ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, కాల్షియం, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, కళ్ల స్లిట్‌ల్యాంప్ పరీక్ష. కంటిలో వాపు ఎర్రదనం, నొప్పి లేకుండానే చూపును దెబ్బతీయవచ్చు.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మోకాళ్ల కింద కాలి ముందుభాగాన ఎర్రటి గడ్డలు, ముట్టుకుంటే నొప్పి. చీలమండలు వాచాయి, జ్వరం ఉంది. ఎక్స్‌రే చూసి 'లోఫ్‌గ్రెన్' అన్నారు. భయపడాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాలి గడ్డలు, కీళ్ల వాపు, జ్వరంతో, ఛాతీలో గ్రంథుల వాపుతో వచ్చే సార్కాయిడోసిస్ రూపాన్ని లోఫ్‌గ్రెన్ అంటారు. సార్కాయిడోసిస్‌లో ఇదే అన్నిటికన్నా మంచిది. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి తగ్గిపోతుంది, ఎక్కువగా రెండేళ్లలోపే. విశ్రాంతి, నాప్రాక్సెన్ లాంటి నొప్పిమందులు తరచూ సరిపోతాయి. స్వీడన్ వంటి దేశాల్లో ఎక్కువగా కనిపించే రూపమిది, మన దగ్గర తక్కువ. పైగా ఇలాంటి గడ్డలు టీబీ వల్ల, గొంతు ఇన్ఫెక్షన్ వల్ల, కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి కాబట్టి టీబీ లేదని ఒకసారి రూఢి చేసుకోండి. కాలి గడ్డ నుంచి ముక్క తీయిస్తే కొవ్వుపొర వాపు తప్ప సార్కాయిడ్ గ్రాన్యులోమా కనిపించదు.

ప్రశ్న: సార్కాయిడోసిస్ ఉన్న నా భార్యకు విటమిన్ డి తక్కువని వారానికి 60,000 యూనిట్ల పొడి ఇచ్చారు. కొన్ని వారాలకే వాంతులు, విపరీతమైన దాహం.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పొడి ఆపి, ఈరోజే కాల్షియం, క్రియాటినిన్ చూపించండి. సార్కాయిడోసిస్ గ్రాన్యులోమాలు విటమిన్ డిని తామే చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, శరీరం వేసే కళ్లేనికి అవి లొంగవు. ఫలితంగా కాల్షియం పెరిగి మలబద్ధకం, దాహం, మూత్రపిండాల్లో రాళ్లు, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా పోవచ్చు. మామూలు పరీక్షలో కనిపించేది నిల్వ రూపం (25-హైడ్రాక్సీ) మాత్రమే. అది తక్కువగా ఉన్నా చురుకైన రూపం (1,25-డైహైడ్రాక్సీ) ఎక్కువగా ఉండవచ్చు. రెండూ, కాల్షియంతో కలిపి చూశాకే ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాలి. స్టెరాయిడ్ వాడేవారికి ఎముకల కోసమని అలవాటుగా కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాసేస్తుంటారు. ఈ జబ్బులో ఆ అలవాటు ప్రమాదం.

ప్రశ్న: స్టెరాయిడ్లు ఎంతకాలం? జబ్బు పూర్తిగా పోతుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అందరికీ మందు అక్కర్లేదు. గ్రంథులే వాచి, ఇబ్బంది లేకపోతే 3 నుంచి 6 నెలలకోసారి చూస్తూ ఉండటమే సరైన పద్ధతి. ఎక్స్‌రేలో గ్రంథులు మాత్రమే ఉన్నవారిలో 60 నుంచి 90 శాతం మందికి దానంతటదే తగ్గుతుంది. గ్రంథులతోపాటు ఊపిరితిత్తుల్లోనూ ఉంటే 40 నుంచి 70 శాతం, ఊపిరితిత్తుల్లోనే ఉంటే 10 నుంచి 20. మచ్చకట్టి గట్టిపడిన భాగం మళ్లీ మామూలు కాదు. మరణాలు కొద్ది శాతమే, ఎక్కువగా ఊపిరితిత్తులు లేదా గుండె దెబ్బతినడం వల్ల.

ఆయాసం పెరుగుతూ ఊపిరి పరీక్ష పడిపోతుంటే ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములు, ఉదయం తిన్నాక. కొద్దివారాల తర్వాత మెల్లగా తగ్గిస్తూ మొత్తం 6 నుంచి 12 నెలలు. బాగున్నామని ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాదు, శరీరం సొంత స్టెరాయిడ్ తయారుచేయలేక బీపీ పడిపోవచ్చు. షుగర్ తరచూ చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ ఇస్తే అది వారానికి ఒక్కసారే, 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆసిడ్‌తో. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. గర్భం కావాలనుకునేవారు వైద్యులకు ముందే చెప్పాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఈ జబ్బని తేలింది. ఇంట్లోవాళ్లకు అంటుతుందా? అప్పుడప్పుడు గుండె దడ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంటదు, క్యాన్సర్ కాదు. ఒక కంచంలో తిన్నా ఏమీ కాదు. రక్తసంబంధీకులకు అవకాశం కాస్త ఎక్కువే గానీ, లక్షణాలు లేనివారికి పరీక్షలు అనవసరం. దడ సంగతి మాత్రం వాయిదా వేయకూడదు. గ్రాన్యులోమాలు గుండె విద్యుత్ దారుల్లో చేరితే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది, లేదా లయ తప్పుతుంది. మామూలు ఈసీజీ బాగుందన్నా సరే, 24 గంటల హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదుచేసే పరీక్ష), ఎకో చేయించుకుని, అవసరమైతే గుండె ఎమ్మారై దాకా వెళ్లమనండి. స్పృహ తప్పితే, తప్పబోయినట్టు అనిపించినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.