అత్తగారి నిందలు, మీ ఏడుపు

“గాజులు నువ్వే తీశావు” అని మతిమరుపు జబ్బుతో ఉన్న అత్తగారు రోజూ నిందిస్తున్నారనీ, నిన్న విసిగిపోయి ఆవిడపై అరిచి రాత్రంతా ఏడ్చాననీ రాశారు. అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోకాంపస్ తొలి దశలోనే దెబ్బతింటుంది కనుక, గాజులను బియ్యం డబ్బాలో తానే దాచిన సంగతి ఆవిడకు గుర్తుండదు, ఆ వెలితిలో అనుమానం చేరుతుంది. అందువల్ల వాదనకు దిగకుండా “పదండి అత్తయ్యా, ఇద్దరం వెతుకుదాం” అనండి. మనిషి కళ్లెదుటే ఉన్నా ఆమెను కోల్పోతున్న దుఃఖం మీది. దానికి మీరు సిగ్గుపడవలసిన పని లేదమ్మా. వారానికి రెండు పూటలైనా వచ్చి ఉండమని మీ ఆడపడుచును మొహమాటం లేకుండా అడగండి. నిద్ర పట్టని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితంగా, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.