నేలకొరగడం, నేలకూలడం

సందేహం: మొదటి ప్రపంచయుద్ధపు ఫ్రెంచి విమానయోధుడు జార్జ్ గిన్‌మేర్ గురించి "53 శత్రువిమానాలను నేలకొరిగించి, 1917 సెప్టెంబరు 11న తానూ నేలకొరిగాడు" అని ఒక వ్యాసంలో చదివాను. విమానాలకు ఆ క్రియ చెల్లుతుందా? ఆకాశంలో పోరాడుతూ పోయి, శవం కూడా దొరకని మనిషి నేలకొరిగాడనడం సబబేనా?

సమాధానం: మొదటి సగం నాకు సమ్మతం కాదు; రెండో సగాన్ని తోసివేయడానికి మనసొప్పడం లేదు.

ఒరగడమంటే నిటారుగా ఉన్నది ఒక పక్కకు వాలడం. గోడకు ఒరిగి కూర్చుంటాం, దిండుకు ఒరుగుతాం; కన్నడంలోనూ ఒరగు అంటే ఆనుకొని వాలడమే. అందుకే నేలకొరగడానికి ముందు నిలబడి ఉండాలి. మహావృక్షం నేలకొరుగుతుంది, శత్రువుకు ఎదురు నిలిచిన యోధుడు నేలకొరుగుతాడు. ఆ మాటలో పడిపోవడం కంటే అంతవరకూ నిలబడి ఉండడమే ముఖ్యం. "ఏమి ఒరిగింది?" అన్నప్పటి లాభార్థం వేరు. ఇప్పటి పత్రికలలో కరెంటు స్తంభమూ, వికెట్టూ, ప్రభుత్వమూ అన్నీ నేలకొరుగుతున్నాయి. మొదటి రెండూ నిలువునా పాతినవి కనుక సరిపెట్టుకుందాం, అవిశ్వాసంలో ఓడిన ప్రభుత్వం ఏ పక్కకు వాలిందో రాసినవారే చెప్పాలి. గాలిలో తూటాలు తిని మంటలతో రాలే విమానానికి ఒరగడం ఎక్కడిది? అది కూలుతుంది. 1917 మే 25న గిన్‌మేర్ ఒక్కరోజే నాలుగు విమానాలను కూల్చాడనడంలో ఉన్న వేగం "నేలకొరిగించాడు" అన్న ఈడ్పుమాటలో లేదు.

ఇక మనిషి సంగతి. బలహీనుడని సైన్యం తిప్పిపంపగా మెకానిక్‌గా చేరి, పైలటై, 1915 జులై 19న తొలి విజయం సాధించిన ఈ యువకుడు కొంగ గుర్తున్న దళంలో పోరాడాడు. చివరి ఉదయం బెల్జియంలోని పోల్కాపెల్ దగ్గర రెండు సీట్ల జర్మన్ విమానం మీదికి దిగాడు. దూరంగా కనిపించిన ఇతర శత్రువిమానాల వైపు మళ్ళిన సహచరుడు తిరిగి వచ్చేసరికి గిన్‌మేర్ లేడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. తలకు గాయమైన అతని శవాన్ని తమవారు చూశారనీ, ఫిరంగిదాడి వల్ల పూడ్చలేకపోయారనీ జర్మన్లు చెప్పారు. ఎత్తుకు ఎగిరి ఎగిరి ఇక దిగిరాలేకపోయాడని ఫ్రాన్సులో పిల్లలకు చెప్పేవారు. యోగయుక్తుడైన సన్న్యాసితోపాటు సూర్యమండలాన్ని భేదించుకొని పోయేవాడు "రణే చాభిముఖో హతః", అంటే యుద్ధంలో ఎదురు నిలిచి చచ్చినవాడని విదురనీతి. గిన్‌మేర్ నినాదంగా ఫ్రెంచి వైమానిక విద్యాలయం స్వీకరించిన మాటకు అర్థమూ ఎదురు నిలవడమే. నేలకొరగడంలో ఉన్న ప్రాణం ఆ అభిముఖత్వమే కనుక, అతని విషయంలో నేల దొరకలేదని తగవుపెట్టను.

అయితే వార్తగా, ఆ తేదీతో జతచేసి రాసేటప్పుడు "కనిపించకుండా పోయాడు" అనడమే క్షేమం. "నేలకొరిగించి" మాత్రం "కూల్చి" అని దిద్దుకోండి.